విడి గూడు

దిండి వాగు పొంగి హైదరాబాద్ రోడ్డును నడిమికి కోసుకుపోయిన ఏడాది అది. మల్లప్ప ఏళ్లను అంకెలతో లెక్కపెట్టడు. అతని లెక్కలో ఏళ్లు వరదలను పట్టుకుని నడుస్తాయి. కృష్ణ పొంగి అతని గొర్రెల మందలో సగాన్ని తీసుకుపోయిన ఏడాది ఒకటి. ఆఫీసు పెంకుల మీది నుంచి నీళ్లు దూకి పాత రిజిష్టర్లన్నీ నానిపోయిన ఏడాది ఒకటి. ఇది మూడోది. వరద తీసి నెల దాటింది. తెగిన చోట మట్టి పోసి జీపులు, బస్సులు మెల్లగా పోయేంత బాట చేశారు. ఆ రోజుల్లోనే అతని నౌకరీకి ఆఖరి దినం వచ్చింది.

ఆ దినం కూడా పొద్దున్నే అతను ఫోన్లు తుడుస్తున్నాడు.

అడవి అంచున, అమ్రాబాద్ పోయే దారిలో, చిన్న రేంజి ఆఫీసు. ఒక హాలు, రెండు గదులు, ఒక జీపు షెడ్డు. హాల్లో గోడకు ఆనించి టేకు చెక్కల బీరువా ఉంది. దానికి తలుపుల్లేవు, గూళ్లే ఉన్నాయి. దొంగరవాణాలో పట్టుబడ్డ టేకును కోయించి చేయించింది. గూటికొక ఫోను, ఫోనుకొక తీగ, మొత్తం ఇరవై నాలుగు. అడవిలో తిరిగే వాచర్లకు సర్కారు ఇచ్చిన ఫోన్లవి. పులి అడుగు ఎక్కడ పడింది, ఏ కుంటలో నీళ్లు తాగింది, ఏ పొదకింద ఉచ్చు దొరికింది, అన్నీ వాచర్లు వాటిలోనే ఎక్కిస్తారు. సాయంత్రం ఐదింటికి ఆఫీసు నెట్టు విప్పితే ఆ రోజు సంగతులన్నీ ఇరవై నాలుగు ఫోన్ల నుంచి పెద్ద కంప్యూటరులోకి పోతాయి. పులి జాడ ఉచ్చులు పెట్టేవాళ్ల చేతిలో పడితే ఏమవుతుందో ఆ ఆఫీసులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆ నెల ఒక ఆడపులి మూడు పిల్లలతో తిరుగుతోంది. అది ఎక్కడ పండుకుంటుందో ఆ ఫోన్లకే తెలుసు.

మల్లప్ప సన్నటి మనిషి. కుడి భుజం కొంచెం కిందికి వంగి ఉంటుంది. నలభై ఏళ్లు ఆ భుజం మీద గొంగడి, కర్ర, అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల మోసిన గుర్తు అది. చెవులకు వెండి పోగులు. మడమలు పగిలి ఎండిన చెరువు మట్టిలా ఉంటాయి. మాట తక్కువ. ఎవరైనా పది మాటలంటే అతను ఒకటి అంటాడు, అదీ పదకొండోది అవసరమైతేనే.

ఎడమ చేత్తో ఫోను తీశాడు. పాత ధోతి గుడ్డతో అద్దం తుడిచాడు. వెనక్కి తిప్పి, కుడిచేతి వెనకవైపును దాని మీద ఆనించి ఒక్క ఊపిరి సేపు ఆగాడు. సల్లగా ఉంది. గూట్లో పెట్టాడు. రెండోది తీశాడు.

ఆ చెయ్యి ఆనించడం ఎవరూ నేర్పింది కాదు. గొర్రెకు జ్వరముందో లేదో చెవి కింద చెయ్యి పెట్టి చూస్తారు. మేత మేస్తున్నా సరే, చెవి కాలుతుంటే దానికి రోగం ఉన్నట్టే. మూడేళ్ల కింద జిల్లా ఆఫీసు నుంచి కోమల మేడం వచ్చింది. ఫోన్ల లోపలికి దొంగలు ఎట్లా దూరతారో, దూరకుండా ఏం చేయాలో చెప్పడమే ఆమె పని. అందరినీ హాల్లో కూర్చోబెట్టి పొద్దంతా చెప్పింది. అందరూ రాసుకున్నారు. మూడో తరగతితో బడి మానేసిన మల్లప్ప రాసుకోలేదు. చివర్లో ఆమె ఒక మాట అంది: "ఏ పనీ చేయకుండా పక్కన పెట్టిన ఫోను వేడెక్కుతుందంటే, చార్జింగు ఊరికే దిగిపోతుందంటే, లోపల ఎవడో పని చేస్తున్నాడని అనుమానించాలి." మల్లప్ప తల ఊపాడు. ఇది తనకు తెలిసిన సంగతే అనుకున్నాడు.

ఆమె చెప్పినవాటిలో నాలుగు మాటలు నాలుగు వేళ్లకు పెట్టుకున్నాడు. సర్కారు ఫోనులో సర్కారు సిమ్ము చిప్పే ఉండాలి. దాని తీగ తప్ప వేరే తీగ తగలొద్దు. ఎవరు పంపారో, ఏం పంపారో తెలియనిదాన్ని ఒత్తొద్దు. బయట తిరిగొచ్చిన ఫోన్ను చూపించకుండా మిగతావాటితో కలపొద్దు.

నాలుగోదాన్ని అందరూ మరిచిపోయారు. మల్లప్ప మాత్రం మరునాడే కిటికీ పక్కన, బీరువాకు ఐదడుగుల దూరంలో, గోడకు ఒక చిన్న చెక్కపెట్టె కొట్టాడు. దాంట్లోకి తీగ లేదు. తన పాత గొంగడి నుంచి జానెడు ముక్క కత్తిరించి లోపల పరిచాడు. రిపేరుకు పోయొచ్చిన ఫోను, రాత్రి ఎవరింట్లోనో ఉండిపోయిన ఫోను, ఏదైనా సరే గొంతు నొక్కి ఆపేసి ముందు అక్కడ పెడతాడు. కోమల మేడం చూసి సరే అన్నాకే బీరువాలోకి వస్తుంది.

మొదట్లో వాచర్లు నవ్వారు.

"పెద్దయ్యా, ఫోనుకు గూడ గాలికుంటు రోగం వస్తదా ఏంది?"

"మెడకు ఏపాకు గట్టు పెద్దయ్యా, దిష్టి తగుల్తది."

"నవ్వుకోండ్రి," అన్నాడు మల్లప్ప. పెట్టె మాత్రం తీయలేదు. ఇంత కాలానికి ఆ పెట్టెను ఎవరూ చూడడం కూడా మానేశారు. గోడకున్న మేకులాగా అదీ ఉంది.

వాచర్లు ఒక్కొక్కరే వచ్చారు. మల్లప్ప అంకె చూడకుండా ఎవరి ఫోను వాళ్ల చేతిలో పెట్టాడు. తొమ్మిదిది మూల విరిగింది. పన్నెండుకు వీపు మీద గీత. ఇరవై ఒకటి ఎప్పుడూ కొంచెం జిగటగా ఉంటుంది, దాని మనిషి బెల్లం తింటాడు. మందలో గొర్రెను గుర్తుపట్టడానికి చెవి కోత చూడాల్సిన పని కాపరికి ఉండదు.

పదిహేడో గూడు ఖాళీగా ఉంది. రెండు దినాలుగా ఖాళీయే. అది నర్సింహది. క్యాంపు నుంచే అటే నాగర్‌కర్నూలు దవాఖానకు పోయాడని కబురు వచ్చింది. తల్లి ఈదమ్మ జారిపడి తుంటి విరిగింది. ఫోను అతని దగ్గరే ఉండిపోయింది. మల్లప్ప ఆ గూటిని కూడా తుడిచాడు.

రేంజర్ నవీన్‌కుమార్ బయటికి వచ్చాడు. కుర్రవాడు, మంచివాడు, ఎప్పుడూ తొందరలో ఉంటాడు. హాలు మూలన కొత్త ఇనుప బీరువా నిలబడి ఉంది. నిన్ననే దిగింది. ఇరవై నాలుగు అరలు. వేలు పెడితే తెరుచుకుంటుంది.

"పెద్దాయనా, నీ వేలు కూడా ఎక్కిద్దాం. సాయంత్రం దాకా నువ్వే గదా."

మల్లప్ప బొటనవేలు పెట్టాడు. బీరువా ఎర్రలైటు వేసింది. ఇంకోసారి పెట్టాడు. మళ్లీ ఎర్రలైటే.

"నా ఏలుకు గీతలు యాడున్నయి సార్. గొర్రెబొచ్చుకే అరిగిపాయె."

నవీన్‌కుమార్ నవ్వాడు. "సరే, సాయంత్రం నాలుగున్నరకు ఇరవై నాలుగూ లెక్క అప్పజెప్పు. తర్వాత నీకు శాలువా కప్పుతం. మిర్చీలు చెప్పిన."

"పదిహేడు రాలే సార్."

"వస్తడు. నర్సింహకు చెప్పించిన. పులిపిల్లల లెక్క ఇయ్యాలనే పంపాలె, పైనుంచి రెండుసార్లు అడిగిండ్రు. దాని ఫొటోలు నర్సింహ ఫోన్లనే ఉన్నయి."

మధ్యాహ్నం సుక్కమ్మ సద్ది తెచ్చింది. రోజూ తెచ్చేది కాదు. ఆఖరి దినమని తెచ్చింది. జీపు షెడ్డు అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. జొన్నరొట్టె, చిక్కుడుకాయ కూర, కొంచెం ఎర్రకారం. కిరాయి గదిలో సామాను మూటలు కట్టడం అయిపోయిందని చెప్పింది. రేపు పది గంటల బస్సుకు సొంతూరికి, మక్తల్ దారి.

"తమ్ముడు ఫోను జేసిండు," అంది సుక్కమ్మ. "పది గొర్రెలు, ఒక పొట్టేలు ఇస్తడట. మెల్లగ పెంచుకోండ్రి బావా అన్నడు."

మల్లప్ప రొట్టె తుంచాడు. నమిలాడు. మింగాడు.

"విడిగ కట్టేస్త."

"ఏంది?"

"పది పన్నెండు దినాలు. వేరే కొట్టంల."

"ఇగ మనకు వేరే మందేమున్నది, కలవకుంట విడిగ కట్టెయ్యనీకె?"

"పక్కింటోల్లయి ఉండవా."

సుక్కమ్మ అతని మొహం చూసింది. ఆమెకు అర్థమైంది. పదహారేళ్లుగా ఇద్దరూ ఆ మాట ఎత్తింది లేదు.

కృష్ణ సగం మందను తీసుకుపోయిన ఏడాది మిగిలినవి అరవై. ఆ కష్టం చూడలేక సుక్కమ్మ తమ్ముడు తిరుమల పది గొర్రెలు తోలుకొచ్చి వాకిట్లో నిలబెట్టాడు. రూపాయి అడగలేదు. కొత్త గొర్రెను మందలో కలపకుండా విడిగా కట్టేయాలని గొల్లోళ్ల ఇంట్లో పాలుతాగే పిల్లకు కూడా తెలుసు. తిరుమలకూ తెలుసు. కానీ ఇచ్చినవాడు వాకిట్లోనే మంచం మీద కూర్చుని చాయ తాగుతున్నాడు. అతని కళ్లముందు అతని గొర్రెల్ని విడిగా కట్టేస్తే, నీ మందలో రోగముందిరా బామ్మర్దీ అని మొహం మీద అన్నట్టే. సుక్కమ్మ గడపలో నిలబడి చూస్తోంది. మల్లప్ప మొహమాటపడ్డాడు. తడక తీసి పదింటినీ మందలోకి వదిలాడు.

తొమ్మిదో దినం ఒకటి దగ్గింది. పెదవుల మీద బొబ్బలు లేచాయి. దీపావళి నాటికి దొడ్లో కుక్క ఒక్కటే మిగిలింది. తిరుమల తప్పు లేదు, అతని మంద కూడా పోయింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనలేదు. అదే కష్టం. ఒక మాట అనుకుంటే సగం బరువు దిగిపోయేది.

తర్వాత మల్లప్ప ఈ గుట్టల వైపు కూలికి వచ్చాడు. ఎండాకాలం మొక్కలకు నీళ్లు పోసే పనిలో పరిచయమైన మనిషి నర్సింహ. ఆకలితో ఉన్నాడని చూసి తన డబ్బాలోంచి సగం అన్నం పెట్టింది నర్సింహ. గొర్రెలు కాసినోడు అడవిని కాయలేడా అని అప్పటి సారును బతిమాలి ఆఫీసులో పెట్టించింది నర్సింహ.

"తమ్ముడు సూడనొస్తే?" అంది సుక్కమ్మ, డబ్బా మూతపెడుతూ.

"సూడనియ్యి."

ఆమె కొంగుతో మూతి తుడుచుకుంది. "కట్టెయ్యి. నేనే పలుపు తెచ్చిస్త. ఎవలు వద్దన్నరు?"

మల్లప్ప డబ్బా మూత మళ్లీ తీయించాడు. ఇంకో రొట్టె అడిగి తిన్నాడు.

నాలుగు గంటలకు వాచర్లు రావడం మొదలుపెట్టారు. ఒక్కొక్క ఫోను తీసుకోవడం, తుడవడం, చెయ్యి ఆనించడం, పాత గూట్లోనే పెట్టడం. ఇరవై మూడు నిండాయి. నాలుగుంబావుకు పెరటి తలుపు నుంచి నర్సింహ వచ్చాడు. పొట్టి మనిషి, బొంగురు గొంతు, ఎప్పుడూ ఏదో ఒకటి అని నవ్వించే మనిషి. ఇవాళ గడ్డం మాసి ఉంది. చొక్కాకు దవాఖాన వాసన.

"ఈదమ్మ ఎట్లున్నది?"

"ఉన్నదన్నా. రాడ్డేసిండ్రు. నడుస్తదట. అప్పుడే నర్సమ్మలను తిడ్తాంది, ఇగ ఫికర్ లేదు." జేబులోంచి ఫోను తీశాడు. "ఇగో నీ పదిహేడు. దీనికోసం ఊరంత తిప్పలు వెట్టిండ్రు."

మల్లప్ప తుడిచాడు. వెనక్కి తిప్పి చెయ్యి ఆనించాడు.

కాలుతోంది.

జేబులో ఉన్నందుకేమో అనుకున్నాడు. కిటికీ కింద నీడలో సల్లటి బండ మీద పెట్టాడు. గుడ్డ మడతపెట్టాడు, విప్పాడు, మళ్లీ మడతపెట్టాడు. కాసేపటికి చెయ్యి ఆనించాడు. ఇంకా కాలుతోంది.

"చిప్పు ఎవలిది?"

"ఎవలిదంటే... సర్కారుదే."

"నర్సింహా."

నర్సింహ తల గోక్కున్నాడు. "నాదేనే. రెండు దినాలు ఏస్కున్న. నా ఫోను వాగు నీల్లల తడిసి ఖరాబాయె గద, నువ్వు గూడ సూస్తివి. అవ్వ లోపట, నేను బయట. డాక్టరు ఎప్పుడు పిలుస్తడో ఏమో. ఏం జెయ్యమంటవు చెప్పు."

"ఏం ఒత్తినవ్?"

"ఏం ఒత్తలే."

మల్లప్ప ఊరుకున్నాడు. అతను ఊరుకుంటే ఎదుటివాళ్లు మాట్లాడతారు.

"పెండ్లి కార్డొచ్చింది," అన్నాడు నర్సింహ. "మన గుర్వయ్య నంబరు నుంచి. మా బిడ్డ పెండ్లి, కార్డు సూసి తప్పక రావాలె అని."

"గుర్వయ్యకు బిడ్డ యాడున్నది?"

"గదే గదన్నా! ఇద్దరు మొగపిల్లలే గద, గీ బిడ్డ యాడికెల్లి వచ్చిందని జర సూద్దామని ఒత్తిన!"

మల్లప్పకు నవ్వు వచ్చినంత పనైంది. మీసం కింద ఆపుకున్నాడు. "అగుపడ్డదా బిడ్డ?"

"ఏడ? నల్లగయ్యింది, మల్ల మామూలుగయ్యింది. గుర్వయ్యకు చేసి అడిగితె నేనేం పంపలేదని లబలబ కొట్టుకుంటాండు. గప్పటి సంది ఒళ్లు కాగుతాంది దీనికి. చార్జింగు పొద్దుగాల పెడితె పగటీలికి సున్న."

"ఇంటికొచ్చి శెయ్యివట్టి పిలువని పెండ్లికి నువ్వెందుకు పోయినవ్‌రా."

నర్సింహ నవ్వలేదు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"అన్నా. గూట్ల పెట్టెయ్యి. చిప్పు మార్చిన, సర్కారుదే ఏసిన. అందరియి కలిసినట్టు అదీ కలుస్తది. పోయినేడు అవతల రేంజిల ఫోను పోగొట్టినోన్ని ఇంటికి పంపిండ్రు. నేను గూడ పోతే అవ్వను ఎట్ల సూస్కోవాలె? రేపటి సంది నువ్వుండవు. ఆ ఇనుప బీరువకు ఏం తెలుస్తది?"

మల్లప్ప పదిహేడో గూటిని చూశాడు. పొద్దున తుడిచిందే. చేతిలో ఫోను వెచ్చగా ఉంది, బతికున్న దానిలాగా. పక్కన నర్సింహ నిలబడ్డాడు. పదిహేనేళ్ల కింద అన్నం డబ్బా చాపిన చెయ్యి అది. వాకిట్లో మంచం మీద చాయ తాగుతున్న బామ్మర్ది గుర్తొచ్చాడు. తడక తీస్తుంటే చేతికి తగిలిన ఆ తడి తాడు కూడా గుర్తొచ్చింది.

హాల్లోంచి నవీన్‌కుమార్ కేక వేశాడు. "పెద్దాయనా! లెక్క అయిందా? నెట్టు విప్పమంటవా?"

మల్లప్ప ఫోను గొంతు నొక్కాడు. అద్దం నల్లబడేదాకా పట్టుకున్నాడు. కిటికీ దగ్గరికి నడిచి, విడి గూట్లో, గొంగడి ముక్క మీద పెట్టాడు. అప్పుడు హాల్లోకి పోయాడు.

"ఇరవై మూడు సార్."

అందరూ అక్కడే ఉన్నారు. బల్ల మీద శాలువా, చామంతి దండ, కాగితం పొట్లాల్లో మిర్చీలు. 

"మరి ఇరవై నాలుగోది?"

"ఉన్నది. విడిగున్నది. ఒళ్లు కాగుతాంది."

నవీన్‌కుమార్ కిటికీ దాకా పోయి చూసి వచ్చాడు. "ఎండల వచ్చింది గదా పెద్దాయనా, వేడిగనే ఉంటది. ఇయ్యాల కలిపేద్దాం. పులిపిల్లల ఫొటోలు పోవాలె. కోమల మేడం వచ్చినప్పుడు తీరిగ్గా చూస్తది." విడి గూటివైపు చెయ్యి చాపాడు.

మల్లప్ప అడ్డం నిలబడ్డాడు. పదిహేనేళ్లలో ఒక్క ఆఫీసరుకు కూడా అతను ఎదురు చెప్పింది లేదు. 

"కలుపొద్దు సార్."

"అరె, ఆఖరి రోజు..."

"ఒక్కటి కలిస్తె అన్ని పోతయి సార్. నేను సూసిన. మేడంకు ఫోను గొట్టుండ్రి. ఆమె కలుపమంటె నేనే పెడ్త."

నవీన్‌కుమార్ అతని మొహం చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కోమల మేడంకు ఫోను కలిపి, అందరికీ వినపడేటట్టు బల్ల మీద పెట్టాడు. వేడి సంగతి, చార్జింగు సంగతి మల్లప్ప చెప్పాడు. పెండ్లి కార్డు సంగతీ చెప్పాడు. మనిషి పేరు చెప్పలేదు.

"ఎవరు వాడారు దాన్ని?" అంది కోమల.

మల్లప్ప నేల చూశాడు. హాలంతా నేలే చూసింది. వెనకనుంచి బొంగురు గొంతు వచ్చింది.

"నేనే మేడం. నర్సింహను. నా చిప్పు ఏసిన. కార్డు ఒత్తిన." ముందుకు వచ్చి నిలబడ్డాడు. "మల్లన్నను గూట్ల కలుపమన్నది గూడ నేనే."

ఫోన్లోంచి కోమల అంది:

"నర్సింహ గారూ, ఈ సాయంత్రమే చెప్పారు కాబట్టి సరిపోయింది. రేపు తెలిసి ఉంటే మాట వేరేగా ఉండేది. దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు. ఆ బాట చీకట్లో కష్టం, నేను పొద్దున్నే బయల్దేరి వస్తా. పెద్దయ్య ఉంటారు కదా పొద్దున?"

"ఆయనది ఇవాళ్టితో అయిపోయింది మేడం," అన్నాడు నవీన్‌కుమార్.

"ఉంట మేడం," అన్నాడు మల్లప్ప.

ఇరవై మూడు ఫోన్లతో నెట్టు విప్పారు. ఆ తర్వాత శాలువా కప్పారు, దండ వేశారు. ఇన్నేళ్లలో ఒక్క ఫోను పోలేదని, ఒక్కటి పగల్లేదని నవీన్‌కుమార్ చెప్పాడు. తొమ్మిదిది మూల విరిగిందని మల్లప్ప గుర్తుచేశాడు. అందరూ నవ్వారు. మిర్చీలు వేడిగా ఉన్నాయి, కారం బాగా తగిలింది. ఏదన్నా మాట్లాడమంటే మల్లప్ప దండం పెట్టి, "మంచిగ ఉండుండ్రి," అన్నాడు. అంతకంటే ఎక్కువ ఎవరూ ఆశించలేదు.

నర్సింహ తలుపు దగ్గర చాయ గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు, తాగకుండా. మల్లప్ప అతని దగ్గరికి పోయాడు. పక్కజేబులోంచి తన ఫోను తీశాడు. బొత్తాల ఫోను. అంకెలు సగం అరిగిపోయాయి. వెనక మూతకు రబ్బరు బ్యాండు వేసి ఉంది. తన చిప్పు తీసి జేబులో వేసుకుని ఫోను అతని చేతిలో పెట్టాడు.

"నీ చిప్పు గిండ్ల ఏస్కో. డాక్టరు పిలుస్తె ఎత్తు."

"మరి నీకు?"

"గొర్లకు ఫోనెందుకు."

నర్సింహ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.  "దీనికి పెండ్లి కార్డులు రావు గదనే?"

"రావు. సాయ సల్లగయితాంది, తాగు."

నర్సింహ తాగాడు.

మరునాడు తెల్లారకముందే మల్లప్ప లేచాడు. ఎప్పటిలాగే తల తడుపుకుని, ఎప్పటిలాగే ఆఫీసు మెట్లెక్కాడు. తాళం తీసే పని ఇప్పుడు అతనిది కాదు. అందుకని మెట్టు మీద కూర్చున్నాడు. కిటికీలోంచి విడి గూడు కనబడుతోంది. దాన్ని చూస్తూ కూర్చున్నాడు. ఈనబోయే గొర్రె పక్కన కాపరి కూర్చున్నట్టు, ఏమీ చేయకుండా, ఎక్కడికీ పోకుండా.

ఎనిమిదింటికి కోమల జీపు వచ్చింది, టైర్ల నిండా ఎర్రమట్టి. నవీన్‌కుమార్ తాళం తీశాడు. ఆమె ఫోన్ను తన యంత్రానికి తగిలించి చాలాసేపు చూసింది. మల్లప్ప గుమ్మంలో నిలబడ్డాడు.

"దొంగ వచ్చాడు పెద్దయ్యా," అంది చివరికి. "కార్డులోనుంచే వచ్చాడు. నర్సింహ గారి చిప్పులో ఉన్న పేర్లన్నీ ఎత్తుకుపోయాడు, వాళ్లందరికీ నేను చెప్తాను. పులి సంగతులకు వేరే తాళం ఉంది, అది మాత్రం విరగలేదు. సాయంత్రం నెట్టు విప్పితే అందరితోపాటు లోపలికి పోదామని కాసుకుని కూర్చున్నాడు." ఆమె టేకు బీరువా వైపు చూసింది. ఒక్కొక్క గూడూ చూసుకుంటూ చివరిదాకా పోయింది.

"నర్సింహ?"

"మెమో ఇస్తారు. పని ఎక్కడికీ పోదు. నేను రాసిస్తాను."

మల్లప్ప తల ఊపాడు.

పులిపిల్లల ఫొటోలు ఆమె శుభ్రం చేసి బయటికి తీసింది. మూడూ ఒక బండ మీద ఎండకు పండుకుని ఉన్నాయి. ఒకటి ఇంకోదాని చెవి కొరుకుతోంది. మల్లప్ప వంగి చూశాడు. ఇన్నేళ్లూ ఆ ఫోన్లను కాశాడు గానీ లోపల ఏముందో చూసింది అదే మొదటిసారి.

"మంచిగున్నయి," అన్నాడు.

నవీన్‌కుమార్ ఫోన్లన్నీ ఇనుప బీరువాలోకి మార్పిస్తున్నాడు. టేకు బీరువాను సామాన్ల గదిలోకి తోస్తున్నారు. ఒక వాచరు సుత్తి పట్టుకుని విడి గూటి దగ్గరికి వచ్చాడు.

"అది తీయొద్దు," అంది కోమల. "కొత్తదాంట్లో ఇరవై నాలుగు అరలే ఉన్నాయి. విడిగా పెట్టడానికి ఏదీ?"

వాచరు సుత్తి దించాడు. మల్లప్ప లోపలికి వచ్చి గూట్లో చెయ్యి పెట్టాడు. గొంగడి ముక్క తీసుకుపోదామనుకున్నాడు, గొంగడి తాతనాటిది. మంచి ఉన్ని. కొంచెం పైకెత్తాడు. మళ్లీ పెట్టి, మడత లేకుండా అరచేత్తో దువ్వాడు.

రోడ్డు మీద సుక్కమ్మ మూటలతో నిలబడి చేతులూపుతోంది. పది గంటల బస్సు మలుపు తిరిగింది.

"పోయొస్త బిడ్డా," అని కోమలకు చెప్పి అతను మెట్లు దిగాడు.

కిటికీ పక్కన గూడు ఖాళీగా ఉంది. నల్ల గొంగడి ముక్క మీద, నడిమిలో, అరచెయ్యి పొడుగున ఫోనంత పల్లం, దువ్వినా పోకుండా అట్లాగే ఉండిపోయింది.